మళ్లీ వచ్చారహో!

పాటల వ్యాపారంలో ఇప్పుడు అన్నిటికన్నా లాభసాటి పని పాడకపోవడం. ఏడాదికో ఆల్బమ్ చొప్పున బుద్ధిగా పాడుకుంటూ పోయేవారి గురించి రాయడానికి ఎవరికీ ఏమీ దొరకదు. నిరుడు పాడినవారు ఈ ఏడూ పాడారంటే అదేం వార్త? అదే మనిషి ఐదారేళ్లు కంటికి కనబడకుండా పోయి, జుట్టు కత్తిరించుకునో గడ్డం పెంచుకునో తిరిగొస్తే అది చరిత్ర. పాట వినకముందే సమీక్ష సగం రాసి పెట్టుకోవచ్చు. ఆ సగంలో ఉండేవి మూడే ముక్కలు: ఎన్నేళ్లయింది, ఎంతమంది ఎదురుచూశారు, ఎంత మౌనంగా గడిపారు. మిగతా సగంలో పాటల పేర్లు వరసగా పేర్చేస్తే పని అయిపోతుంది.

దీన్ని బయటివాళ్లు కమ్‌బ్యాక్ అంటారు. మన సినిమావాళ్లు రీఎంట్రీ అంటారు. క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్లయితే సెకండ్ ఇన్నింగ్స్ అంటారు. పేరేదైనా సరుకు ఒక్కటే. లేకపోవడాన్ని మూటగట్టి అమ్మడం.

మహారాష్ట్రలోని మా నాందేడ్‌లో నాకో మేనల్లుడున్నాడు. ఈ ఊరు 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోదే కాబట్టి ఇక్కడి తెలుగువాళ్లకి ఒక భాషతో కడుపు నిండదు. వాడికి ఇంట్లో తెలుగు, గల్లీలో మరాఠీ, దోస్తులతో ఉర్దూ, చెవుల్లో జపనీస్. 2022లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'ఫస్ట్ లవ్' సిరీస్ చూసి, ఆ పేరుతో పాట పాడిన హికారు ఉతాదాకి భక్తుడైపోయాడు. అప్పటినుంచీ మా మధ్య జరిగే సంగీత చర్చ దాదాపు ఇలా ఉంటుంది.

"మామా, 'ఫాంటోమ్' ఇన్నవా? ఎనిమిదిన్నరేండ్ల తర్వాత వచ్చిన ఆల్బమ్!"

"పాటలెట్లున్నయ్‌రా?"

"ఎనిమిదిన్నరేండ్లు మామా!"

"అది సరే. పాటలు?"

"అరే, సమజైతలేదా? ఎనిమిదిన్నర!"

వాణ్ని అని లాభం లేదు. ఆ లెక్క వాడు కనిపెట్టింది కాదు. 2016 సెప్టెంబర్ 28న ఆ ఆల్బమ్ విడుదలైన నాటినుంచీ పాట కన్నా ముందు నడుస్తున్నది ఆ అంకె. సరే, ఆ ఎనిమిదిన్నర ఎక్కణ్నుంచి వచ్చిందో ఒకసారి విప్పి చూద్దాం.

ఉతాదా అంతకుముందు చేసిన జపనీస్ ఆల్బమ్ 'హార్ట్ స్టేషన్' 2008 మార్చిలో వచ్చింది. అక్కణ్నుంచి లెక్కేస్తే ఎనిమిదిన్నర వస్తుంది, నిజమే. కానీ కొంతకాలం పని ఆపేస్తానని ఉతాదా ప్రకటించింది 2010 ఆగస్టులో. ఈలోపు 2009లో ఒక ఇంగ్లిష్ ఆల్బమ్ వచ్చింది. 2010 నవంబర్‌లో పాత సింగిల్స్ సంకలనం వచ్చింది, దానితోపాటు ఐదు కొత్త పాటలూ వచ్చాయి. డిసెంబర్‌లో యొకొహామా అరీనాలో రెండు రోజులు కచేరీ జరిగింది. సెలవు మొదలైంది ఆ తర్వాత. పోనీ అప్పటినుంచైనా చీమ చిటుక్కుమనలేదా అంటే, 2012 నవంబర్‌లో 'ఇవాంజెలియన్' యానిమే సినిమా కోసం ఒక కొత్త పాట వచ్చింది. 2016 ఏప్రిల్‌లో జపాన్ టీవీ సంస్థ ఎన్‌హెచ్‌కే వారి పొద్దుటి సీరియల్‌కి ఇంకో పాట వచ్చింది. ఆల్బమ్ దాని వెనకాల వచ్చింది. అంటే కొత్త పాట అనేదే లేకుండా గడిచిన అతి పొడుగు కాలం మూడున్నరేళ్లకు మించదు. మూడున్నరని ఎనిమిదిన్నర చేయడం మన రియల్ ఎస్టేట్ బ్రోకర్లకు మాత్రమే తెలిసిన విద్య అనుకున్నాను. టోక్యోలోనూ ఉందన్నమాట.

ఇందులో ఉతాదాని తప్పుపట్టడానికి ఏమీ లేదు. పదహారేళ్ల వయసులో, 1999లో, 'ఫస్ట్ లవ్' ఆల్బమ్ చేస్తే అది ఒక్క జపాన్‌లోనే 70 లక్షలకు పైగా అమ్ముడైంది. ఆ దేశంలో ఇప్పటికీ దాన్ని దాటిన ఆల్బమ్ లేదు. ఆ వయసు నుంచీ స్టూడియో, స్టేజీ, కెమెరా తప్ప మరోటి ఎరగని మనిషి ఇరవయ్యేడేళ్లకు "కొన్నాళ్లు మామూలు మనిషిలా బతుకుతాను" అన్న అర్థంలో సెలవు అడిగితే ఇవ్వకపోవడానికి మనమెవరం? 2013లో తల్లి కేకో ఫుజి చనిపోయారు. ఆమె కూడా ఎన్కా అనే జపనీస్ బాణీలో పేరున్న గాయనే. 'ఫాంటోమ్'లోని పాటలకు ఆ తల్లి ఆయువుపట్టు. ఆ ఏడు జపాన్ రికార్డ్ అవార్డుల్లో ఉత్తమ ఆల్బమ్ అదే. దానికి తగిన పాటలే అవి. పోయిన తల్లి గురించి గుండెలు బాదుకోకుండా, అరవకుండా, పూలగుత్తి చేతికిచ్చినంత మెల్లగా పాడటం అందరికీ చేతనయ్యే పని కాదు. పాట బాగుంది, కాబట్టి బాగుంది. మధ్యలో గడిచిన ఏళ్లు దానికి తాళం వేయలేదు, శ్రుతి కలపలేదు.

విరామమే గొప్పతనానికి కొలబద్ద అయితే జపాన్‌లోనే ఇంకో పేరు ఉంది. మొమోయె యమగుచి. 1980 అక్టోబర్ 5న టోక్యో బుడోకాన్‌లో ఆఖరి కచేరీ చేసి, మైకుని వేదిక మీద పెట్టి వెళ్లిపోయింది. అప్పటికి ఇరవయ్యొక్కేళ్లు. పెళ్లి చేసుకుని సంసారం చూసుకుంది. మళ్లీ వేదిక ఎక్కలేదు. నలభై అయిదేళ్లు దాటింది. మన సమీక్షకుల లెక్క ప్రకారం ప్రపంచంలోకెల్లా గొప్ప ఆల్బమ్ ఆమె ఇంతవరకూ పాడనిదే అయ్యుండాలి. దానికి నాలుగు నక్షత్రాలా, అయిదా అన్నదొక్కటే తేలాలి.

జపాన్ సంగతి ఎందుకు, మనింట్లో చూద్దాం. 2007లో 'శంకర్‌దాదా జిందాబాద్' చేశాక చిరంజీవి పార్టీ పెట్టారు, కేంద్రంలో మంత్రి అయ్యారు, 2017 జనవరి 11న 'ఖైదీ నంబర్ 150'తో తిరిగొచ్చారు. 'బాస్ ఈజ్ బ్యాక్' అని ఊరూరా ఫ్లెక్సీలు లేచాయి. మధ్యలో 'మగధీర'లోనూ 'బ్రూస్‌లీ'లోనూ తెర మీద మెరిసిన సంగతి ఈ లెక్కలోకి రాదు. కమ్‌బ్యాక్ లెక్కల్లో తీసివేతలుండవు, కూడికలే. అంతకాలం ఆగి తెచ్చిన కథ ఏదయ్యా అంటే, 2014లో తమిళంలో విజయ్ చేసేసిన 'కత్తి'. విజయశాంతి 2006 నాటి 'నాయుడమ్మ' తర్వాత 2020 సంక్రాంతికి 'సరిలేరు నీకెవ్వరు'లో కనబడ్డారు. పదమూడేళ్లు పైచిలుకు. పవన్ కల్యాణ్ 'అజ్ఞాతవాసి' 2018 జనవరిలో, 'వకీల్ సాబ్' 2021 ఏప్రిల్‌లో. మూడేళ్ల మూడు నెలలు. అదీ రీఎంట్రీయే, అదీ రీమేకే. మూలం 2016 నాటి హిందీ 'పింక్'. సినిమాలు ఆడాయి, జనం ఈలలేశారు, నాకేం అభ్యంతరం లేదు. నా సందేహం వేరే. ఇంతకాలం ఎడబాటు తర్వాత వస్తున్నవాళ్లు పక్కింటివాళ్ల పచ్చడి తెచ్చి వడ్డిస్తే, మనం ఆకు ముందు కూర్చుని వాళ్లు ఎన్నాళ్లకు వచ్చారో వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ తినేశాం. ఉప్పు సరిపోయిందా లేదా అని ఒక్కరమైనా అడగలేదు.

వరస చూడండి. ఒకరు పదమూడేళ్లు పోతే రీఎంట్రీ. ఇంకొకరు తొమ్మిదిన్నర. మరొకరు మూడుంబావు. ఇదే జోరున పోతే, మధ్యాహ్నం అన్నం తిని కునుకు తీసి లేచిన హీరోకి సాయంత్రం ట్రైలర్ వదిలే రోజు ఎంతో దూరంలో లేదు.

పాటల వాళ్లలోనూ తిరిగొచ్చినవారు ఉన్నారు, కానీ వాళ్లకు ఫ్లెక్సీలు లేవు. 1950ల్లో తెలుగునాట జిక్కి గొంతు వినని ఇల్లు లేదు. కాలం మారింది, కొత్త గొంతులొచ్చాయి, సినిమాలు తగ్గాయి. 1989లో భర్త ఏ.ఎం. రాజా రైలు ప్రమాదంలో పోయారు. 1991లో 'ఆదిత్య 369' కోసం ఇళయరాజా ఆమెతో పాడించారు. ఆ సినిమా పేరు చెబితే టైమ్ మెషీన్ గుర్తొస్తుంది, కృష్ణదేవరాయల వేషంలో బాలకృష్ణ గుర్తొస్తారు. అందులో జిక్కి పాడిందన్న మాట ఎందరికి గుర్తొస్తుంది? ఆమెకు ఎవరూ ఏళ్లు లెక్కపెట్టలేదు. పాట ఉంది, గొంతు ఉంది, వచ్చి పాడి వెళ్లింది. ఎస్. జానకి సంగతి ఇంకా విచిత్రం. ఇక చాలు, పాడను అని 2016లో ఆవిడే చెప్పారు. మరుసటి ఏడు మైసూరులో కచేరీ చేయించారు. 2018లో ఒక తమిళ సినిమాకి మళ్లీ పాడించారు. ఆవిడకి రిటైర్మెంట్ కావాలి, మనకి ఆవిడ కమ్‌బ్యాక్ కావాలి. అరవై ఏళ్లు పాడిన మనిషిని కూచోనివ్వని అభిమానం ఎంత గొప్పదో మనం ఒప్పుకుని తీరాలి.

ఇదంతా చూశాక, కొత్తగా పాటల రంగంలోకి దిగే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఉచితంగా ఒక సలహా ఇవ్వాలనిపిస్తోంది. స్వరాలు తర్వాత నేర్చుకోవచ్చు. ముందు మాయమవడం నేర్చుకోండి. ఒక పాట హిట్ కాగానే ఆపేయండి. ఆపేస్తున్నట్టు మాత్రం గట్టిగా చెప్పండి, చెప్పకుండా మాయమైతే దాని పేరు విరామం కాదు, అవకాశాలు లేకపోవడం. మాయమయ్యాక పూర్తిగా మాయమవకండి. ఆరునెలలకోసారి కొండల్లోనో సముద్రం ఒడ్డునో వీపు మాత్రమే కనబడేట్టు ఒక ఫొటో వదలండి. ఫొటో నలుపు తెలుపులో ఉంటే ఇంకో రెండేళ్ల విరామం విలువ పెరుగుతుంది. తిరిగొచ్చే ముందు ఇంటర్వ్యూ ఇవ్వండి. అందులో "నన్ను నేను వెతుక్కున్నాను" అన్న మాట తప్పనిసరి. ఎక్కడ వెతికారు, దొరికారా, దొరికితే ఏ స్థితిలో దొరికారు అని అడిగే విలేకరి ఇంకా పుట్టలేదు కాబట్టి ధైర్యంగా చెప్పవచ్చు. పాటలు కుదరకపోతే పాతవే మళ్లీ పాడండి, దాన్ని జ్ఞాపకాల మూట అంటారు. అవీ కుదరకపోతే మీ పాత సినిమాని 4కెలో కడిగి మళ్లీ వదలమనండి. 2022 చివర్లో 'ఖుషి' మళ్లీ విడుదలైతే, అది మొదట వచ్చిన 2001 నాటికి పుట్టని పిల్లలు కూడా థియేటర్లలో కాగితాలు ఎగరేశారు. వాళ్లకి ఏ జ్ఞాపకం తిరిగొచ్చిందో దేవుడికే తెలియాలి.

మా నాందేడ్‌కి కూడా ఈ విద్యలో ప్రవేశం ఉంది. మా ఊరి విమానాశ్రయాన్నే తీసుకోండి. సిక్కుల పవిత్ర గ్రంథానికి గురుపీఠం దక్కిన గురు-తా-గద్దీ మూడు వందల ఏళ్ల వేడుకల కోసం 2008లో దాన్ని తీర్చిదిద్దారు. కొన్నాళ్లకు విమానాలు ఆగిపోయాయి. 2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్లకు విమానాలు నడిపే ఉడాన్ పథకం మొదలైన రోజున ప్రధాని సిమ్లాలో జెండా ఊపితే, కడప–హైదరాబాద్, హైదరాబాద్–నాందేడ్ విమానాలు కూడా ఆ లెక్కలోనే ఎగిరాయి. మళ్లీ ఆగాయి. 2024లో మళ్లీ వచ్చాయి. రెండు విరామాలు, రెండు రీఎంట్రీలు, ప్రతిసారీ పూలదండలు. ఉతాదాకి ఒక్క కమ్‌బ్యాక్‌కే రికార్డ్ అవార్డు ఇస్తే మా రన్‌వేకి ఎన్ని ఇవ్వాలి? ఊళ్లోవాళ్లు మాత్రం అడిగేది ఒకటే. ఇవాళ వచ్చింది బాగానే ఉంది, వచ్చే నెల టికెట్టు బుక్ చేసుకోవచ్చా?

ఇంకా అసలైన కమ్‌బ్యాక్ చూడాలంటే జూలై ఒకటో తేదీన మా జిల్లాలోని ధర్మాబాద్ పక్కన బాబ్లీ బ్యారేజీ దగ్గరికి రావాలి. గోదావరి మీద మహారాష్ట్ర కట్టిన ఈ బ్యారేజీ మీద రెండు రాష్ట్రాల మధ్య ఏళ్ల తరబడి తగువు నడిచింది. 2013 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దాని ప్రకారం ఏటా జూలై 1 నుంచి అక్టోబర్ 28 వరకు పద్నాలుగు గేట్లూ ఎత్తి ఉంచాలి, దిగువన శ్రీరాంసాగర్‌కి నది స్వేచ్ఛగా పోవాలి. ఆ రోజు అధికారులొస్తారు, కెమెరాలొస్తాయి, గేట్లు ఒక్కోటీ పైకి లేస్తాయి. మర్నాడు తెలుగు పేపర్లలో ఫొటో. గోదావరి మళ్లీ వచ్చిందహో అన్నంత సంబరం. అవతల నిజామాబాద్ జిల్లా రైతు ఆ ఫొటో చూసి మురిసిపోడు. గేటు ఎత్తారా అని కాదు, నీళ్లు ఎంతొచ్చాయి అని అడుగుతాడు. వాన పడని ఏడు గేట్లెత్తినా కింద ఇసుకే కనబడుతుందని అతనికి తెలుసు. గేటు ఎత్తడం వేరు, నీళ్లు రావడం వేరు. ఈ చిన్న తేడా తెలియడానికి అతను సంగీత విమర్శ చదవనవసరం లేకపోయింది. చదివినవాళ్లకే అది తెలియడం లేదు.

ఈ సందడిలో నష్టపోయేది ఎవరంటే, ఎక్కడికీ పోనివాళ్లు. నాందేడ్ హుజూర్ సాహిబ్ గురుద్వారాలో రాగి జథాలనే గాయక బృందాలు రోజూ కీర్తన చేస్తాయి. హార్మోనియం మీద వేళ్లు, తబలా మీద వేళ్లు, తెల్లవారకముందే మొదలు. అక్కడే గాగరియా సింగ్ అనే సేవకుడు చీకటుండగానే గోదావరికి వెళ్లి బిందెతో నీళ్లు తెస్తాడు. ఎండైనా వానైనా, రోజూ. మర్నాడు మళ్లీ వచ్చాడని పోస్టర్ వేసినవాళ్లు లేరు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదా, రోజూ వినబడే గొంతుకీ అదే గతి. ఊళ్లో పెళ్లి ఊరేగింపులో క్లారినెట్ వాయించేవాడు ఒక్క సీజన్ విరామం తీసుకుంటే వాడికి దొరికేది కమ్‌బ్యాక్ ఆల్బమ్ కాదు, కిరాణా కొట్లో అప్పు. మౌనం కూడా స్థితిమంతులకే ఆస్తి. లేనివాళ్లకి అది వట్టి ఆకలి.

ఒక మాట ఒప్పుకోవాలి. విరామం తప్పు కాదు. అలసిపోయిన గొంతుకి సెలవు కావాలి, బాధలో ఉన్న మనిషికి ఏకాంతం కావాలి. పదిహేనేళ్లకే జనం మధ్య పడ్డ పిల్లలకు మరీ కావాలి. ఉతాదా సెలవు ఉతాదా ఇష్టం, చిరంజీవి రాజకీయం చిరంజీవి ఇష్టం. సెలవు ఎందుకు తీసుకున్నారని నిలదీసే హక్కు మనకు లేదు. దాన్ని పాట ధరలో కలిపి మన దగ్గర వసూలు చేయడం గురించి మాత్రం అడగాలి. అమ్మేవాళ్లు అమ్ముతారు, అది వాళ్ల పని. కొనేది మనం. పదహారేళ్లప్పుడు 'ఫస్ట్ లవ్' విన్న అమ్మాయికి 'ఫాంటోమ్' వచ్చేనాటికి ముప్ఫై మూడు. ఆమె ఎదురుచూసింది ఉతాదా కోసం మాత్రమేనా, తన పదహారు కోసం కూడానా? 'ఖైదీ నంబర్ 150'కి మొదటాట టికెట్టు కోసం తెల్లారకుండానే లైన్లో నిలబడ్డ నడివయసు మనుషులు వెతుక్కున్నదీ అదే. ఏ కమ్‌బ్యాకూ మన వయసుని వెనక్కి తేలేదు. ఆ సంగతి పోస్టర్ మీద చిన్న అక్షరాల్లోనైనా వేయరు.

2024 ఏప్రిల్‌లో ఉతాదా పాతికేళ్ల పాటల సంకలనం 'సైన్స్ ఫిక్షన్' వచ్చింది. కొన్ని పాత పాటలు మళ్లీ పాడి రికార్డు చేశారు. దాన్ని ఏ విరామానికీ ముడిపెట్టడానికి వీలు దొరక్క ఈసారి పాతికేళ్ల అంకె ముందుపెట్టారు. అంకె లేని ఆల్బమ్ అమ్మడం ఎవరికీ రావడం లేదు.

కాబట్టి చదివేవారికి ఒక మనవి. రేపు ఎవరో ఒకరు తిరిగొస్తారు. పదేళ్లని ఒకరంటారు, పదిహేనని ఇంకొకరంటారు. పోస్టర్ మీద ఉన్న అంకెని చేత్తో కప్పేసి, పాడినవారి పేరు కూడా మరిచిపోయి, నిన్ననే మొదటిసారి మైకు ముందు నిలబడ్డ ఎవరో అనామకుల పాటలా ఆ ఆల్బమ్ వినండి. మూడో పాట దాకా కూర్చోబుద్ధయితే డబ్బులివ్వండి, నలుగురికీ చెప్పండి. కాకపోతే అడ్డంగా తలూపి లేచి వచ్చేయండి. అంతకాలం పాడకుండా ఉన్నందుకు మనం వాళ్లకి బాకీ పడిందేమీ లేదు.